చైనావంట చేసిన దేశాటనం

మామయ్య కబుర్లు

బాలలూ!

పోయిన నెలలో నేను సత్తెనపల్లిలో మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. గుంటూరు నుంచి మాచర్ల పోయే రైలుదారిలో ఉన్నది ఆ ఊరు. 2022 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడు జిల్లాలో చేరింది. ఊరు దాటితే ఎటు చూసినా పత్తిచేలు, మిరపచేలు. నేను వెళ్ళినవి మిరపకాయలు ఎండబోసే రోజులు. కళ్ళాల పక్కనుంచి నడిస్తే చాలు, తుమ్ములు ముంచుకొస్తాయి. ఆ ఊరి పిల్లలకు మాత్రం అదేమీ పట్టదు. నేను పది తుమ్ములు తుమ్మేలోపల వాళ్ళు పది ఆటలు ఆడేస్తారు.

సాయంత్రం కాగానే మా మేనల్లుడూ, మేనకోడలూ చెరొక చెయ్యీ పట్టుకుని, "మామయ్యా! బస్టాండు దగ్గర మంచూరియా తిందాం రా!" అని లాక్కుపోయారు.

అక్కడ ఒక తోపుడుబండి ఉన్నది. బండి నెత్తిన "చైనీస్ ఫాస్ట్ ఫుడ్" అని ఎర్రక్షరాల బోర్డు, దాని పక్కన నోరు తెరిచిన డ్రాగన్ బొమ్మ. కింద గ్యాసు పొయ్యి మీద, అడుగు గుండ్రంగా ఉన్న పెద్ద ఇనపబాణలి. మంట బుస్సుబుస్సుమంటున్నది. పాతికేళ్ళ కుర్రవాడొకడు ఎడమచేత్తో బాణలి ఎగరేస్తూ, కుడిచేత్తో గరిటె ఆడిస్తున్నాడు. నూడుల్సు గాలిలోకి లేచి మళ్ళీ బాణలిలోనే పడుతున్నాయి. ఒక్క పోగైనా కింద పడటం లేదు. అతనిది గుండ్రటి మొహం, చిన్న కళ్ళు.

మా మేనల్లుడు బండి దగ్గరికి పోయి, "ఏయ్ చైనా! మూడు ప్లేట్లు!" అని కేకేశాడు. పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ కుర్రవాడు నవ్వలేదు, కోప్పడలేదు. తల వంచుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

నాకు సిగ్గేసింది. దగ్గరికి వెళ్ళి, "ఏ ఊరు బాబూ మీది?" అని హిందీలో అడిగాను. అతను చక్కని తెలుగులో, "మాది డార్జిలింగు సార్, పశ్చిమ బెంగాల్లో. ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది" అన్నాడు.

మేనల్లుడి మొహం చిన్నబోయింది. అయినా వాడు మాట పడే రకం కాదు. "చైనావంట చేస్తున్నాడు గదా మామయ్యా, అందుకని అట్లా అన్నాను" అన్నాడు.

"ఇది చైనావంట అని నీకెవరు చెప్పార్రా?" అన్నాను.

"బోర్డు మీద రాసి ఉందిగా!"

"మరి చైనావాళ్ళు రోజూ మంచూరియాయే తింటారా, మామయ్యా?" అని మేనకోడలు అడిగింది.

ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. కాని ఆ ఒక్క ముక్క వెనకాల సముద్రాలు దాటిన కథ ఉన్నది. ప్లేట్లు పుచ్చుకుని, పక్కనున్న అరుగు మీద కూర్చుని, ఆ కథ వాళ్ళకు చెప్పాను. మీరూ వినండి. ముందు మనం అమెరికాకు పోయి రావాలి. ఎందుకంటే, చైనావంట ఊరుగాని ఊళ్ళో ఎట్లా నిలదొక్కుకున్నదో, ఎట్లా వేషం మార్చిందో తెలుసుకోవాలంటే అన్నిటికన్న పెద్ద కథ అక్కడిదే.

బంగారు కొండ

1848 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియా ప్రాంతంలో ఒకచోట కర్రలు కోసే మిల్లు కడుతున్నారు. అక్కడి కాలవ నీళ్ళలో తళతళమంటూ బంగారపు తునకలు కనబడ్డాయి. ఈ సంగతి దాచాలని చూశారు గాని, బంగారం మాట దాగుతుందా? మరుసటి ఏటికల్లా ప్రపంచం నలుమూలలనుంచీ జనం విరగబడ్డారు. దక్షిణ చైనాలో కాంటన్ నగరం చుట్టుపట్ల పల్లెలనుంచి కూడా వేలాదిమంది ఓడలెక్కారు. కాలిఫోర్నియాకు వాళ్ళు పెట్టుకున్న పేరు "బంగారు కొండ."

అయితే కొండ ఎక్కిన తరువాత అసలు సంగతి తెలిసింది. బంగారం దొరికేది కొందరికే, ఆకలి వేసేది అందరికీ! అందుచేత చైనావాళ్ళలో కొందరు పార కిందపెట్టి గరిటె పట్టుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో పూటకూళ్ళ ఇళ్ళు తెరిచారు. చదువు రానివాడు కూడా గుర్తుపట్టేటట్టు గుమ్మం మీద మూడుమూలల పసుప్పచ్చ జెండా కట్టేవారు. ఒక్క డాలరు ఇస్తే కడుపునిండా భోజనం. గనుల్లో తవ్వి తవ్వి వచ్చిన తెల్లవాళ్ళు లొట్టలు వేస్తూ తినేవారు.

తరువాత అమెరికా తూర్పునూ పడమరనూ కలిపే మొదటి రైలుదారి పని వచ్చింది. పడమటివైపు కొండలు తొలిచి, మంచులో పట్టాలు వేసినవారిలో 10 వేలమందికి పైగా చైనాకూలీలే. 1869 మే 10న రెండు వైపుల పట్టాలూ కలిశాయి.

ఆ కూలీల భోజనం సంగతి వింటే మీకు ఒక శాస్త్రవిషయం బోధపడుతుంది. మిగతా కూలీలు వాగుల్లో, గుంటల్లో ఉన్న నీళ్ళు అట్లాగే తాగేవారు. వాళ్ళకు తరచు విరేచనాలు పట్టుకునేవి. చైనావాళ్ళు ప్రతి జట్టుకూ తమ వంటవాణ్ణి పెట్టుకుని అన్నం, ఎండుచేపలు, కూరగాయలు వండించుకునేవారు. దాహానికి గోరువెచ్చని టీ తాగేవారు. పీపాల్లో టీ పోసి, కావడి కట్టి పనిచేసే చోటికి మోసుకొచ్చేవారు. అందుచేత వాళ్ళకు జబ్బులు తక్కువ. టీలో మహత్యమేమీ లేదు, టీ కాయాలంటే నీళ్ళు మరగాలి గదా! మరిగిన నీళ్ళలో రోగక్రిములు చస్తాయి. క్రిములవల్ల రోగాలు వస్తాయని శాస్త్రజ్ఞులు అప్పుడప్పుడే నిరూపిస్తున్నారు. ఈ కూలీలకు ఆ శాస్త్రం తెలియదు, అమ్మమ్మల నాటి అలవాటు తెలుసు.

మనిషి వద్దు, వంట కావాలి

రైలుదారి పూర్తి అయింది. కొంతకాలానికి దేశంలో పనులు కరువైనాయి. అప్పుడు తెల్లకూలీలు, "ఈ చైనావాళ్ళు తక్కువ కూలికి పనిచేసి మా నోటిదగ్గర కూడు లాక్కుంటున్నారు" అని గోల పెట్టారు. "వాళ్ళు ఎలకలు తింటారు" అని లేనిపోని మాటలు పుట్టించారు. చైనావాళ్ళ ఇళ్ళమీద పడి కొట్టారు, కొన్ని ఊళ్ళనుంచి తరిమివేశారు. చివరికి 1882లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. చైనాకూలీలు ఇక ఆ దేశంలో అడుగు పెట్టరాదు, అప్పటికే ఉన్నవారు పౌరులు కారాదు. ఈ చట్టం ఒకటి రెండేళ్ళు కాదు, 1943 దాకా 61 ఏళ్ళు అమలులో ఉన్నది.

పొలాల్లో పని లేదు, కార్ఖానాల్లో పని లేదు. ఇక మిగిలినవి, ఇతరులు చెయ్యడానికి ఇష్టపడని పనులు: బట్టలుతకడం, వంట చెయ్యడం. అందుచేత చైనావాళ్ళు ఊరూరా చాకలికొట్లూ, చిన్న చిన్న హోటళ్ళూ పెట్టుకున్నారు.

ఇక్కడే చిత్రం జరిగింది. చైనావాణ్ణి రావద్దన్న దేశం చైనావంటను మాత్రం రమ్మన్నది!

1896లో లీ హుంగ్ చాంగ్ అనే చైనా మంత్రి న్యూయార్కు నగరానికి వచ్చాడు. ఆయనను చూడటానికి జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. ఆయన వంటవాడే "చాప్ సూయీ" అనే కూరను అప్పటికప్పుడు కల్పించాడని ఒక కథ పుట్టింది. అది కట్టుకథ. అంతకు పదేళ్ళ ముందే అమెరికా పత్రికల్లో ఆ కూర పేరు కనబడుతున్నది. కాని కట్టుకథ కూడా ఒక్కొక్కప్పుడు మంచి ప్రచారం చేసి పెడుతుంది. చాప్ సూయీ తినడం గొప్ప వేడుక అయిపోయింది.

చాప్ సూయీ అంటే చైనామాటలో "కలగలుపు ముక్కలు" అని అర్థం. మనం కలగూరగంప అంటామే, అట్లాంటిదన్నమాట. చైనా పల్లెల్లో దానిలో కార్జం, కందనకాయ వంటివి వేసేవారు. అవి చూస్తే అమెరికావాళ్ళు మొహం చిట్లిస్తారు. అందుచేత వంటవాళ్ళు వాటిని తీసివేసి, మాంసం ముక్కలు, ఉల్లిపాయలు, మొలకలు వేసి, పైన చిక్కటి పులుసు పోశారు. ధర తక్కువ, అర్ధరాత్రి దాకా హోటలు తెరిచి ఉంటుంది. నాటకం చూసి వచ్చినవారు, రాత్రిపని ముగించినవారు, జేబులో నాలుగు డబ్బులే ఉన్న కుర్రవాళ్ళు అందరూ అక్కడికే చేరేవారు.

ఆ వంటవాళ్ళు తిండి మార్చారే గాని, తెలివి పోగొట్టుకోలేదు. చట్టం కూలీలను రావద్దన్నది గాని వర్తకులను రావద్దనలేదు. 1915లో ఒక న్యాయస్థానం, హోటలు యజమాని కూడా వర్తకుడే అని తీర్పు చెప్పింది. వర్తకుడు తన దేశానికి పోయి రావచ్చు, తనవాళ్ళను తెచ్చుకోవచ్చు. దాంతో అన్నదమ్ములూ, చుట్టాలూ తలా కొంచెం డబ్బు వేసుకుని పెద్ద హోటళ్ళు తెరిచారు. కడుపు నింపుకోవడానికే గాదు, విడిపోయిన కుటుంబాలు కలుసుకోవడానికి కూడా హోటలే దారి అయింది.

తలరాత చెప్పే బిస్కెట్టు

అమెరికాలో ఈనాటికీ చైనాహోటల్లో భోజనం కాగానే ఒక మడతపెట్టిన బిస్కెట్టు ఇస్తారు. విరిస్తే లోపల ఒక కాగితం చీటీ ఉంటుంది. "నీకు మంచిరోజులు రానున్నవి" వంటి మాట ఏదో దానిమీద రాసి ఉంటుంది. మన చిలకజోస్యంలో చిలక తీసే చీటీ లాంటిది. చైనాకు పోయి ఈ బిస్కెట్టు అడిగితే తెల్లమొహం వేస్తారు. అది చైనాది కాదు, జపానుది. క్యోటో నగరం దగ్గర ఇట్లాంటి బిస్కెట్లు పూర్వంనుంచీ చేసేవారు. జపానువాళ్ళు దాన్ని కాలిఫోర్నియాకు తెచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాను అమెరికాకు శత్రువయింది. 1942లో ప్రభుత్వం తన దేశంలోనే ఉన్న జపాను సంతతివారిని, చిన్నపిల్లలతో సహా, లక్షమందికి పైగా నిర్బంధశిబిరాల్లో పెట్టింది. వాళ్ళ బిస్కెట్ల వ్యాపారం మూతబడింది. ఆ పని చైనావాళ్ళ చేతుల్లోకి వచ్చింది. బిస్కెట్టు బయటే ఉన్నది, చేసినవారు మాత్రం ముళ్ళతీగ లోపల ఉన్నారు!

అదే యుద్ధంలో చైనా అమెరికాకు స్నేహితురాలు. అందుచేతనే 1943లో పాత చట్టం తీసివేశారు. అయినా ఏడాదికి 105 మందినే రానిచ్చారు. 1965లో కొత్త చట్టం వచ్చిన తరువాత గాని తలుపులు బాగా తెరుచుకోలేదు. అప్పుడు చైనాలోని రకరకాల ప్రాంతాల వంటవాళ్ళు వచ్చారు. 1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పెకింగు నగరానికి, అంటే ఇప్పటి బీజింగుకు, వెళ్ళి విందు ఆరగించాడు. ఆయన పుల్లలతో తినడం టెలివిజన్‌లో చూసిన జనం, "చాప్ సూయీ కాదు, అసలైన చైనావంట పెట్టండి" అని హోటళ్ళకు పరుగెత్తారు.

మరి పెట్టారా? వినండి. హూనాన్ ప్రాంతానికి చెందిన పెంగ్ చాంగ్-క్వే అనే గొప్ప వంటవాడు తైవాన్ దీవిలో ఒక కోడికూర కల్పించి, 19వ శతాబ్దపు సేనాపతి ఒకాయన పేరు పెట్టాడు. "జనరల్ సో కోడికూర" అంటారు. 1970లలో అది న్యూయార్కు చేరింది. అక్కడ దానికి చక్కెర తోడయింది. అమెరికాలో దాన్ని ఎరగనివారు లేరు. హూనాన్‌లో చాలాకాలం దాని పేరే ఎవరూ వినలేదు. ఇక ఆ సేనాపతి మాట చెప్పనే అక్కరలేదు. ఆయన పాపం, తన పేరుగల కూర రుచి చూడకుండానే పోయాడు!

కలకత్తా చుట్టాలు

"అమెరికా కథ సరే మామయ్యా, మన బండి దాకా ఎట్లా వచ్చింది?" అన్నాడు మేనల్లుడు, ప్లేటులో మిగిలిన పులుసు గీకుతూ.

అది వేరే దారి. 18వ శతాబ్దం చివర, వారన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో, తాంగ్ అచూ అనే చైనా వర్తకుడు బెంగాలుకు వచ్చాడు. కలకత్తాకు దక్షిణాన, హుగ్లీ నది ఒడ్డున భూమి తీసుకుని, చెరకు వేసి, చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరనే ఆ చోటును అచీపూర్ అంటున్నారు. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడ ఉన్నది.

ఆ తరువాత చైనానుంచి ఇంకా చాలామంది కలకత్తా చేరారు. కొందరు వడ్రంగులు, కొందరు పళ్ళవైద్యులు, కొందరు చెప్పులు కుట్టేవారు. నగరం శివారున టాంగ్రా అనే చోట తోళ్ళు శుద్ధిచేసే కార్ఖానాలు పెట్టినవారు హక్కా జాతివారు. బండి మీద "హక్కా నూడుల్సు" అని చూశారు గదా, ఆ హక్కా వీళ్ళే. చైనామాటలో "హక్కా" అంటే "చుట్టపుచూపుగా వచ్చిన కుటుంబాలు" అని అర్థం. ఎంత సరిపోయిన పేరో చూడండి!

ఈ చుట్టాలు తమ వంటను కలకత్తావారికి వడ్డించబోతే, "చప్పగా ఉన్నది" అన్నారు మనవాళ్ళు. అందుచేత పచ్చిమిరపకాయలు చేరాయి, అల్లం వెల్లుల్లి పాలు పెరిగింది. అమెరికాలో వంటకు తీపి పట్టింది, మన దేశంలో కారం పట్టింది. ఏ ఊరి నాలుక ఎట్లా కోరితే అట్లా!

అయితే, బాలలూ, అమెరికాలో జరిగినటువంటిదే ఇక్కడా ఒకటి జరిగింది. అది కూడా మీరు తెలుసుకోవాలి. 1962లో చైనాకూ మనకూ యుద్ధం వచ్చింది. అప్పుడు మన దేశంలో పుట్టి పెరిగి, మన భాషలు మాట్లాడే చైనా సంతతివారిని దాదాపు 3 వేలమందిని పట్టుకుని, రైళ్ళెక్కించి, రాజస్థాన్‌లోని దేవళీ అనే చోట నిర్బంధంలో ఉంచారు. ముసలివాళ్ళూ, బడిపిల్లలూ కూడా వారిలో ఉన్నారు. కొందరు అక్కడ కొన్నేళ్ళు గడిపారు. తిరిగి వచ్చేటప్పటికి ఇళ్ళు లేవు, అంగళ్ళు లేవు. చాలామంది దేశం విడిచి వెళ్ళిపోయారు. ఉన్నవారిలో కొందరు మళ్ళీ పొయ్యి వెలిగించి, మనకే వండి పెట్టారు.

బొంబాయిలో పుట్టిన మంచూరియా

ఇక మన ప్లేటులోని మంచూరియా. మంచూరియా అనేది చైనాకు ఈశాన్యాన ఉన్న ఒక ప్రాంతం పేరు. అక్కడికి పోయి మంచూరియా పెట్టమంటే, "ఏమిటది?" అంటారు. ఎందుకంటే ఆ వంటకం పుట్టింది బొంబాయిలో!

నెల్సన్ వాంగ్ అని కలకత్తాలో పుట్టిన చైనా సంతతివాడు. 1974లో బొంబాయి చేరాడు. 1975లో అక్కడి క్రికెట్ క్లబ్‌లో వంట చేస్తూండగా, ఎవరో కొత్తదేదైనా చేసి పెట్టమని అడిగారు. ఆయన మన వంటవాళ్ళలాగే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి వేయించాడు. తరువాత గరంమసాలా వెయ్యవలసిన చోట సోయా సాస్ పోశాడు. మొక్కజొన్న పిండి పట్టించి వేయించిన కోడి ముక్కలు దానిలో వేశాడు. అదే చికెన్ మంచూరియన్. మాంసం తిననివారి కోసం కోడి బదులు కాలీఫ్లవరు వచ్చి, గోబీ మంచూరియా అయింది. తరువాత నగరాలనుంచి పట్నాలకు, పట్నాలనుంచి బస్టాండులకు వచ్చేసింది. మనవాళ్ళు ఇంకో చెంచా కారం వేసి, పక్కన ఉల్లిపాయ ముక్కలూ, నిమ్మబద్దా పెట్టి, దాన్ని పూర్తిగా మన ఇంటిది చేసుకున్నారు.

దాని పులుసు నిగనిగలాడుతూ చిక్కగా ఎందుకుంటుందో తెలుసునా? మొక్కజొన్న గింజలోని పిండిపదార్థం సన్నని రేణువులుగా ఉంటుంది. నీళ్ళలో కలిపి వేడిచేస్తే, సుమారు 70 డిగ్రీల దగ్గర ఆ రేణువులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పులుసు చిక్కబడుతుంది. మన అన్నం గంజి చిక్కగా ఉండటానికీ ఇదే కారణం. మీ అమ్మగారు పక్కనుండగా ఒక పరీక్ష చేసి చూడండి. ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ చన్నీళ్ళలో కలిపి పొయ్యిమీద పెట్టి కలియబెట్టితే, చక్కగా చిక్కబడుతుంది. అదే పిండిని పొడిగా, మరిగే నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. పైనున్న రేణువులు ముందే ఉబ్బి గోడ కట్టేస్తాయి. లోపలికి నీళ్ళు పోవు. ఉండ చితిపి చూడండి, మధ్యన పొడిపిండి కనబడుతుంది.

మిరపకాయ మాత్రం మనదా?

"అయితే ఇందులో చైనాది ఏమీ లేదా మామయ్యా?" అన్నది మేనకోడలు.

"ఎందుకు లేదూ? సోయా చిక్కుడు చైనాది. ఆ గింజలనూ గోధుమలనూ ఒకరకం బూజుతో పులియబెట్టి, ఉప్పునీళ్ళలో నెలల తరబడి ఊరవేసి సాస్ తీయడం నేర్పింది వాళ్ళే. పెద్దమంట మీద ముక్కలు సన్నగా తరిగి చిటికెలో వేయించడం కూడా వాళ్ళ విద్యే. మొక్కజొన్న మెక్సికోది. కాలీఫ్లవరు ఐరోపాది. మిరపకాయ..."

"మిరపకాయ మనది!" అని మేనల్లుడు ఛాతీ విరుచుకున్నాడు.

"కాదురా! మిరపకాయ కూడా అమెరికా ఖండాలదే. 1492లో కొలంబస్ అక్కడికి పోయేదాకా ఇటువైపు ఎవరూ దాన్ని చూడలేదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు ఓడల్లో మన పడమటి తీరానికి తెచ్చారు. మీ పల్నాటి యుద్ధం జరిగింది 12వ శతాబ్దంలో. అంటే బాలచంద్రుడు తిన్న కూరలో మిరపకాయ లేదన్నమాట. ఘాటు కావాలంటే మిరియాలే గతి!"

వాడు నోరు తెరిచాడు. సత్తెనపల్లి పిల్లవాడికి ఇంతకన్న విడ్డూరం ఇంకేముంటుంది?

చైనాకు కూడా మిరపకాయ ఇంచుమించు ఆ కాలంలోనే చేరింది. 1591 నాటి చైనాపుస్తకంలో దాని ప్రస్తావన ఉన్నది. ఇప్పుడు గుంటూరు మిరపయార్డునుంచి తేజ రకం మిరపకాయలు ఓడలెక్కి చైనాకు పోతున్నాయి. వాళ్ళ సోయా మనకు వచ్చింది, మన మిరప వాళ్ళకు పోతున్నది. రెండు ఇళ్ళ మధ్య గోడమీదనుంచి గిన్నెలు మారినట్టు!

ఆ రాత్రి ఇంటికి నడుస్తూ మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి మలుపు దగ్గర ఆగి, "మామయ్యా, అమెరికాలో ఆ పిల్లలు కూడా హోటలువాణ్ణి ఏయ్ చైనా అనే పిలిచేవాళ్ళా?" అని అడిగాడు.

"పిలిచేవాళ్ళే. పిలిచి, ప్లేటు ఖాళీ చేసి పోయేవాళ్ళు" అన్నాను.

"పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని మా మాస్టారు చెప్పారు" అన్నాడు వాడు. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

మరునాడు సాయంత్రం వాడే ముందు బయలుదేరాడు. చేతిలో చిన్న సీసా. మా అక్కయ్య పెట్టిన కొరివికారం! బండి దగ్గరికి పోయి, "అన్నా! మూడు ప్లేట్లు. ఇది మా అమ్మ మీకు ఇమ్మన్నది" అని సీసా ఇచ్చాడు. తరువాత కొంచెం నసిగి, "నీ పేరేమిటన్నా?" అన్నాడు.

అతను పేరు చెప్పాడు. సీసా మూత తీసి వేలితో కొంచెం నాలిక్కి రాసుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు తిరిగాయి, ముక్కు ఎర్రబడింది. "మీఠో ఛ!" అన్నాడు. నేపాలీ భాషలో "బాగుంది" అని అర్థమట. పిల్లలు నవ్వారు. ఈసారి అతనూ నవ్వాడు. ఆనాటి నూడుల్సులో అర చెంచా కొరివికారం పడింది. ఎట్లా ఉన్నాయంటారా? నాకు తుమ్ములు రావడం మాత్రం నిజం. పిల్లలు రెండో ప్లేటు అడిగారు.

బాలలూ, ఈ నెల మీకొక పని. మీ వంటింట్లోకి వెళ్ళి, అయిదు వస్తువులు చూడండి. టమాటా, బంగాళాదుంప, టీపొడి, ఏదైనా సరే. ఏది ఏ దేశాన పుట్టిందో, ఎవరు మోసుకొచ్చారో కనుక్కుని నాకు రాయండి. అట్లాగే మీ ఊళ్ళో మీకు వండిపెట్టేవారు ఎవరైనా దూరదేశంనుంచి, దూరప్రాంతంనుంచి వచ్చినవారు ఉంటే, వారి పేరు అడగండి. వారి భాషలో "బాగుంది" అనే మాట నేర్చుకుని, తిన్న తరువాత వారితో చెప్పండి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ
మామయ్య